డబ్బాపై 144 హెర్ట్జ్, తెరపై 60: లినక్స్‌లో మానిటర్‌ను పూర్తిగా వాడుకోవడం ఎలా?

మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లు ఉన్నవాళ్లలో చాలామంది లినక్స్ వైపు చూస్తున్నారు. ఉబుంటు, మింట్, ఫెడోరా లాంటివి ఉచితంగా దొరుకుతాయి, పాత మెషీన్లలో కూడా తేలిగ్గా నడుస్తాయి. అలా సీపీయూ మీద మిగిలిన డబ్బుతో కొందరు మంచి మానిటర్ కొనుక్కుంటున్నారు.

చిక్కు అక్కడే వస్తుంది. డబ్బా మీద 144 హెర్ట్జ్, 10 బిట్ కలర్, ఫ్రీసింక్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఇంటికి తెచ్చి కేబుల్ పెట్టగానే బొమ్మ వస్తుంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం. సెట్టింగ్స్ తెరిచి చూస్తే 60 హెర్ట్జ్, 8 బిట్ దగ్గరే ఆగి ఉంటుంది. అంటే ఎక్కువ డబ్బు పెట్టి కొన్న మానిటర్ మామూలు మానిటర్‌లాగే పనిచేస్తోంది. నెలల తరబడి ఇలాగే వాడేవాళ్లు ఉన్నారు. కొందరైతే "లినక్స్‌లో ఇవన్నీ రావు" అని తేల్చేస్తారు. నిజానికి వస్తాయి. కాకపోతే ఏది ఎక్కడ ఆగిందో వరుసగా చూసుకోవాలి.

కలర్ డెప్త్ అంటే ఏమిటి?

తెర మీద ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఉంటాయి. ఒక్కో రంగుకు ఎన్ని మెట్లు ఉన్నాయో చెప్పేదే కలర్ డెప్త్. 8 బిట్ అయితే ఒక్కో రంగుకు 256 మెట్లు, మూడూ కలిస్తే దాదాపు 1.67 కోట్ల రంగులు. 10 బిట్ అయితే ఒక్కో రంగుకు 1024 మెట్లు, మొత్తం 107 కోట్లకు పైగా రంగులు.

మామూలు ఫొటోలో ఈ తేడా కంటికి దొరకడం కష్టం. సాయంత్రం ఆకాశం, పొగమంచు, చీకటి గోడ మీద దీపం వెలుగు లాంటి చోట్ల తెలుస్తుంది. రంగు మెల్లగా మారాల్సిన చోట మెట్లు చాలకపోతే చారలు చారలుగా కనిపిస్తుంది. 10 బిట్‌లో ఆ చారలు బాగా తగ్గుతాయి. హెచ్‌డీఆర్ వీడియోలకైతే 10 బిట్ దాదాపు తప్పనిసరి.

ఒక మాట గుర్తుంచుకోవాలి. చవక మానిటర్లలో "10 బిట్" అన్నది చాలాసార్లు 8 బిట్ ప్యానెలే. రెండు దగ్గరి రంగులను వేగంగా మార్చి మార్చి చూపించి మధ్య రంగు ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. దీన్నే ఎఫ్ఆర్‌సీ అంటారు. స్పెసిఫికేషన్‌లో "8 బిట్ ప్లస్ ఎఫ్ఆర్‌సీ" అని ఉంటుంది. ఇందులో మోసం ఏమీ లేదు, చూడ్డానికి బాగానే ఉంటుంది. అయితే అసలు 10 బిట్ ప్యానెల్ ధర పెట్టి మాత్రం దీన్ని కొనొద్దు.

వీఆర్ఆర్ ఏం చేస్తుంది?

60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 సార్లు తెరను కొత్తగా గీస్తుంది. అంటే దాదాపు 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి. మానిటర్ ఈ లెక్క తప్పదు. గ్రాఫిక్స్ కార్డుకు మాత్రం అలాంటి లెక్క లేదు. గేమ్‌లో ఖాళీ మైదానం వస్తే ఫ్రేములు వేగంగా తయారవుతాయి, జనం, మంటలు వస్తే నెమ్మదిస్తాయి. ఇద్దరికీ తాళం కుదరనప్పుడు బొమ్మ మధ్యలో అడ్డంగా చీలినట్టు కనిపిస్తుంది, దీన్నే టియరింగ్ అంటారు. చీలిక రాకుండా వీసింక్ పెడితే కుదుపులు వస్తాయి.

వీఆర్ఆర్, అంటే వేరియబుల్ రిఫ్రెష్ రేట్, ఈ తగువు తీరుస్తుంది. కార్డు ఫ్రేమ్ పంపినప్పుడే మానిటర్ గీస్తుంది. కార్డు సెకనుకు 87 ఫ్రేములు ఇస్తే మానిటర్ 87 హెర్ట్జ్‌లో నడుస్తుంది. ఎన్విడియా 2013లో జీసింక్ పేరుతో దీన్ని ప్రకటించింది. 2014లో వెసా సంస్థ డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో అడాప్టివ్ సింక్‌ను చేర్చింది. ఏఎండీ ఫ్రీసింక్ దాని మీదే నిలబడింది. 2019 జనవరిలో ఎన్విడియా కూడా అడాప్టివ్ సింక్ మానిటర్లను "జీసింక్ కంపాటిబుల్" పేరుతో తన కార్డులకు అనుమతించింది. లినక్స్‌లో ఏఎండీ కార్డులకు ఈ సదుపాయం 2019 మార్చిలో వచ్చిన కెర్నల్ 5.0తో అందింది.

వీఆర్ఆర్ ఎంత తక్కువ వేగం వరకైనా పనిచేయదు. ప్రతి మానిటర్‌కూ ఒక హద్దు ఉంటుంది, ఉదాహరణకు 48 నుంచి 144 హెర్ట్జ్. ఫ్రేములు 48 కంటే తగ్గితే ఒక్కో ఫ్రేమ్‌ను రెండుసార్లు చూపించి లెక్క సరిచేసే పద్ధతి ఉంది. అది కుదరాలంటే పై హద్దు కింది హద్దుకు కనీసం రెట్టింపు ఉండాలి. 48 నుంచి 75 హెర్ట్జ్ మానిటర్‌లో అది కుదరదు. కొనేముందు ఈ రెండు అంకెలూ అడగండి.

అసలు లెక్క కేబుల్‌ది

రెజల్యూషన్, రిఫ్రెష్ రేట్, కలర్ డెప్త్ మూడూ ఒకే కేబుల్‌లోంచి వెళ్లాలి. కేబుల్, పోర్టు ఎంత మోయగలవో అంతే. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గించాల్సి రావచ్చు. ఇది అర్థమైతే సగం సమస్యలు తీరినట్టే.

అసలు బొమ్మకు మిగిలే సామర్థ్యం ఇలా ఉంటుంది. హెచ్‌డీఎంఐ 1.4లో సెకనుకు సుమారు 8.2 గిగాబిట్లు, హెచ్‌డీఎంఐ 2.0లో 14.4, డిస్‌ప్లేపోర్ట్ 1.2లో 17.3, డిస్‌ప్లేపోర్ట్ 1.4లో 25.9 గిగాబిట్లు.

ఇప్పుడు 2560 బై 1440 మానిటర్ తీసుకుందాం. చుక్కలు 36,86,400. 144 హెర్ట్జ్‌లో, ఒక్కో చుక్కకు 24 బిట్లు, అంటే రంగుకు 8 బిట్ల చొప్పున లెక్కేస్తే సెకనుకు 12.7 గిగాబిట్లు. ఫ్రేముల మధ్య ఖాళీ సమయం కూడా కలిపితే 14 దాటుతుంది. హెచ్‌డీఎంఐ 2.0లో అంచుకు ఆనుకుని పడుతుంది. అదే 10 బిట్ పెడితే ఖాళీ సమయం కలపకముందే 15.9 అవుతుంది. ఇక పట్టదు. అప్పుడు సిస్టమ్ చెప్పాపెట్టకుండా 8 బిట్‌కు తగ్గిస్తుంది, లేదా ఆ రిఫ్రెష్ రేట్‌నే జాబితాలోంచి తీసేస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.4లో ఇదే హాయిగా పడుతుంది.

4కే 60 హెర్ట్జ్ వాడేవాళ్లకూ ఇదే కథ. 8 బిట్ హెచ్‌డీఎంఐ 2.0లో పడుతుంది, 10 బిట్ పూర్తి రంగులతో పట్టదు. కొన్నిసార్లు డ్రైవర్ రంగుల సమాచారాన్ని సగానికి కుదించి పంపుతుంది. అప్పుడు వీడియో బాగానే ఉంటుంది కానీ రంగు అక్షరాల అంచులు అలికినట్టు కనిపిస్తాయి. చిన్న అక్షరాలు రోజంతా చదివేవాళ్లకు ఇది కళ్లకు శ్రమ. అలాంటివాళ్లకు 10 బిట్ కంటే పూర్తి రంగుల 8 బిట్టే మేలు. ఇక హెచ్‌డీఎంఐ 1.4 ఉన్న పాత ల్యాప్‌టాప్‌లు 4కేను 30 హెర్ట్జ్ దగ్గరే ఆపేస్తాయి. అది మానిటర్ లోపం అనుకుని దుకాణానికి తిరిగి తీసుకెళ్లి లాభం లేదు.

హెచ్‌డీఎంఐ 2.1 ఇంతకంటే చాలా ఎక్కువ మోస్తుంది. కానీ లినక్స్‌లో ఏఎండీ కార్డు వాడేవాళ్లకు ఒక చిక్కు వచ్చింది. తన ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో హెచ్‌డీఎంఐ 2.1ను చేర్చాలన్న ఏఎండీ ప్రతిపాదనను హెచ్‌డీఎంఐ ఫోరం తిరస్కరించిందని 2024 ఫిబ్రవరిలో బయటికి వచ్చింది. అందుకే లినక్స్ వాడేవాళ్లు మానిటర్ కొనేటప్పుడు డిస్‌ప్లేపోర్ట్ ఉందో లేదో చూసుకోవడం తెలివైన పని. టీవీని మానిటర్‌గా వాడాలనుకునేవాళ్లు మరీ ఆలోచించాలి, ఎందుకంటే టీవీల్లో సాధారణంగా డిస్‌ప్లేపోర్ట్ ఉండదు.

సెట్టింగ్స్‌కు ముందు చూడాల్సినవి

లినక్స్ సెట్టింగ్స్ తెరవకముందే ఈ నాలుగు చూడండి. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఒకటి, కేబుల్ ఎక్కడ పెట్టారు? డెస్క్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి. మదర్‌బోర్డు పోర్టుకు పెట్టేస్తే కార్డు ఖాళీగా కూర్చుంటుంది.

రెండు, మధ్యలో ఏదైనా ఉందా? చవక కన్వర్టర్, స్విచ్ బాక్స్, యూఎస్‌బీ సీ హబ్ లాంటివి ఉంటే తీసేసి నేరుగా పెట్టి చూడండి. చాలా హబ్‌లు డేటాకూ బొమ్మకూ దారిని చెరిసగం పంచుతాయి.

మూడు, మానిటర్ బటన్లతో వచ్చే మెనూ తెరవండి. అందులో ఫ్రీసింక్ లేదా అడాప్టివ్ సింక్ అనేది చాలా మానిటర్లలో ఆఫ్‌లో ఉంటుంది. కొన్నింటిలో డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్ అనే ఆప్షన్ కూడా ఉంటుంది, దాన్ని పై వెర్షన్‌కు మార్చాలి. మానిటర్ తనకు వీఆర్ఆర్ ఉందని చెప్పకపోతే లినక్స్‌కు ఆ సంగతి తెలిసే దారి లేదు.

నాలుగు, కేబుల్ మీద ఏముంది? హెచ్‌డీఎంఐ 2.0కు "ప్రీమియం హై స్పీడ్", 2.1కు "అల్ట్రా హై స్పీడ్" అనే ముద్ర ఉన్నవి నమ్మదగినవి. పొడవు పెరిగేకొద్దీ సమస్యలు కూడా పెరుగుతాయి. తెర మధ్యమధ్యలో నల్లబడుతుంటే మొదట అనుమానించాల్సింది కేబుల్‌నే.

రిఫ్రెష్ రేట్, వీఆర్ఆర్ ఆన్ చేయడం

మీరు ఏ డెస్క్‌టాప్ వాడుతున్నారన్నదాన్ని బట్టి దారి మారుతుంది. లినక్స్‌లో బొమ్మను తెరకు పంపే వ్యవస్థలు రెండు: పాతది ఎక్స్11, కొత్తది వేలాండ్. వీఆర్ఆర్, 10 బిట్, హెచ్‌డీఆర్ విషయాల్లో కొత్త పనంతా వేలాండ్‌లోనే జరుగుతోంది.

కేడీఈ ప్లాస్మా వాడేవాళ్లకు పని సులువు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కాన్ఫిగరేషన్ తెరిస్తే రిఫ్రెష్ రేట్ జాబితా ఉంటుంది, పెద్ద అంకె ఎంచుకోండి. దాని దగ్గరే అడాప్టివ్ సింక్ అని ఉంటుంది. అందులో నెవర్, ఆటోమేటిక్, ఆల్వేస్ అని మూడు. ఆటోమేటిక్ పెట్టుకోండి, ఫుల్ స్క్రీన్ గేమ్, వీడియో ఉన్నప్పుడు మాత్రమే పనిచేస్తుంది. వేలాండ్‌లో ఈ సదుపాయం 2021లో వచ్చిన ప్లాస్మా 5.22 నుంచి ఉంది.

ఉబుంటు, ఫెడోరాల్లో మామూలుగా వచ్చేది గ్నోమ్. సెట్టింగ్స్, డిస్‌ప్లేస్‌లో రిఫ్రెష్ రేట్ మార్చుకోవచ్చు. వీఆర్ఆర్ 2024 మార్చిలో వచ్చిన గ్నోమ్ 46లో ప్రయోగ దశలో చేరింది. ఉబుంటు 24.04లో ఉన్నది ఇదే వెర్షన్. అక్కడ అది దాగి ఉంటుంది. డీకాన్ఫ్ ఎడిటర్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకుని ఆర్గ్, గ్నోమ్, మటర్ వరుసలో వెళ్తే ఎక్స్‌పెరిమెంటల్ ఫీచర్స్ కనిపిస్తుంది. అందులో వేరియబుల్ రిఫ్రెష్ రేట్‌ను ఎంచుకుని, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. డిస్‌ప్లేస్ పేజీలో కొత్త ఆప్షన్ కనిపిస్తుంది. ఆ పేజీలోని మిగతా వేటినీ తెలియకుండా ముట్టుకోవద్దు.

లినక్స్ మింట్ సినమన్ ఇప్పటికీ మామూలుగా ఎక్స్11 మీదే నడుస్తుంది. రిఫ్రెష్ రేట్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనే మారుతుంది. వీఆర్ఆర్‌కు మాత్రం ఏఎండీ కార్డు అయితే ఎక్స్ఆర్గ్ కాన్ఫిగరేషన్ ఫైల్‌లో వేరియబుల్ రిఫ్రెష్ అనే ఆప్షన్‌ను ట్రూ అని రాయాలి. ఎన్విడియా అయితే ఎన్విడియా సెట్టింగ్స్ ప్రోగ్రామ్‌లో జీసింక్‌ను అనుమతించే టిక్ ఉంటుంది. ఎక్స్11లో వీఆర్ఆర్ ఫుల్ స్క్రీన్‌లోనే పనిచేస్తుంది. రెండు మానిటర్లు తగిలిస్తే సాధారణంగా పనిచేయదు. ఈ రెండూ ఇబ్బంది అనిపిస్తే వేలాండ్ మీద నడిచే ప్లాస్మాకు మారడమే దారి.

కాన్ఫిగరేషన్ ఫైల్ మార్చాక తెర నల్లగా ఉండిపోతే కంగారు పడొద్దు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్ల తెర మీద లాగిన్ వస్తుంది. అక్కడ మీరు చేర్చిన ఫైల్‌ను తీసేసి రీబూట్ చేస్తే పాత స్థితికి వస్తుంది. ఆ ఫైల్ పేరు, చోటు ముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.

10 బిట్‌కు మారడం

ఇక్కడ రెండు వేర్వేరు అంకెలు ఉన్నాయి. చాలామంది వీటిని కలిపేస్తారు. మొదటిది కంప్యూటర్ లోపల బొమ్మ తయారయ్యే డెప్త్. రెండోది కేబుల్ మీద వెళ్లే డెప్త్.

లోపలిదాన్ని ఎక్స్11లో మొత్తంగా లెక్కేసి చెబుతారు. 24 అంటే రంగుకు 8 బిట్లు, 30 అంటే రంగుకు 10 బిట్లు. కాబట్టి ఎక్కడైనా "డెప్త్ 24" అని కనిపిస్తే 10 కంటే ఎక్కువే కదా అని మురిసిపోవద్దు, అది మామూలు 8 బిట్టే. 30 చేయాలంటే కాన్ఫిగరేషన్ ఫైల్‌లో డిఫాల్ట్ డెప్త్ 30 అని రాయాలి. కానీ కొన్ని ప్రోగ్రాములు 30లో తప్పు రంగులు చూపిస్తాయి, కొన్ని అసలు తెరుచుకోవు. వేలాండ్‌లో ప్లాస్మా 6 వీలైన చోట 10 బిట్‌ను తానే ఎంచుకుంటుంది, ఫైళ్లతో పని లేదు.

కేబుల్ మీద వెళ్లేదానికి "మ్యాక్స్ బీపీసీ" అనే హద్దు ఉంటుంది. ఎక్స్11లో టెర్మినల్ తెరిచి ఎక్స్‌ర్యాండర్ కమాండ్‌కు రెండు అడ్డగీతల తర్వాత ప్రాప్ అని చేర్చి నడిపితే మానిటర్ వివరాలన్నీ వస్తాయి. ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లలో మ్యాక్స్ బీపీసీ ఎదురుగా 8 ఉందో, 10 ఉందో అక్కడే కనిపిస్తుంది. వీఆర్ఆర్ కేపబుల్ ఎదురుగా 1 ఉంటే మానిటర్ సిద్ధంగా ఉన్నట్టు, 0 ఉంటే మానిటర్ మెనూలో ఆఫ్‌లో ఉన్నట్టో, ఆ కేబుల్ దారిలో అందనట్టో అనుకోవాలి. ఒక్క మ్యాక్స్ బీపీసీ పెంచితే సరిపోదు. బిందె పెద్దదైనంత మాత్రాన నీళ్లు పెరగవు. లోపల తయారయ్యేది 8 బిట్ అయితే బయటికి వచ్చేదీ 8 బిట్ బొమ్మే.

మూడో మెట్టు అప్లికేషన్. ఎంపీవీ లాంటి వీడియో ప్లేయర్లు 10 బిట్ చూపగలవు. గింప్ 2.10 ఫొటోను లోపల 32 బిట్ వరకు సవరించగలదు కానీ తెర మీద చూపేటప్పుడు 8 బిట్‌కే తగ్గిస్తుంది. అందుకని గింప్‌లో చారలు కనిపిస్తే మానిటర్‌ను తిట్టుకోనక్కర్లేదు.

రంగులు వెలిసిపోయినట్టు ఉంటే డెప్త్ కంటే ముందు ఆర్‌జీబీ రేంజ్ చూడండి. హెచ్‌డీఎంఐలో కొన్నిసార్లు కంప్యూటర్ మానిటర్‌ను టీవీ అనుకుని 0 నుంచి 255కు బదులు 16 నుంచి 235 వరకే పంపుతుంది. నలుపు బూడిద రంగులా, తెలుపు మాసినట్టు కనిపిస్తాయి. ప్లాస్మాలో ఆర్‌జీబీ రేంజ్ అనే ఆప్షన్‌లో, ఎక్స్11 ఇంటెల్‌లో బ్రాడ్‌కాస్ట్ ఆర్‌జీబీ అనే దగ్గర ఫుల్ అని పెడితే వెంటనే తేడా తెలుస్తుంది. 10 బిట్ కోసం తంటాలు పడే చాలామందికి అసలు కావాల్సింది ఇదే.

నిజంగా పనిచేస్తోందా?

సెట్టింగ్‌లో టిక్ పెట్టినంత మాత్రాన నమ్మొద్దు. చాలా గేమింగ్ మానిటర్ల మెనూలో ప్రస్తుత రిఫ్రెష్ రేట్ చూపించే ఆప్షన్ ఉంటుంది. దాన్ని ఆన్ చేసి సూపర్‌టక్స్‌కార్ట్ లాంటి ఉచిత గేమ్‌ను ఫుల్ స్క్రీన్‌లో ఆడండి. అంకె ఆటను బట్టి పైకీ కిందికీ కదులుతుంటే వీఆర్ఆర్ పనిచేస్తున్నట్టు. 144 దగ్గరే బిగుసుకుపోతే రెండు కారణాలుండొచ్చు: వీఆర్ఆర్ ఆన్ కాలేదు, లేదా కార్డు 144 కంటే ఎక్కువ ఫ్రేములు ఇస్తోంది. గేమ్‌లో ఫ్రేములను 140 దగ్గర ఆపి మళ్లీ చూడండి.

వీఆర్ఆర్ ఆన్ చేశాక చీకటి దృశ్యాల్లో తెర మిణుకుమిణుకుమంటే అది ఎక్కువగా వీఏ, ఓలెడ్ ప్యానెళ్ల స్వభావం. రిఫ్రెష్ మారినప్పుడల్లా వెలుగు కొద్దిగా మారుతుంది. ఆల్వేస్ నుంచి ఆటోమేటిక్‌కు మార్చండి. అప్పటికీ తలనొప్పిగా ఉంటే ఆపేసి స్థిరమైన 120 లేదా 144లో వాడుకోండి. సినిమాలు సెకనుకు 24 ఫ్రేములు. 120, 144 రెండూ 24తో సరిగ్గా భాగించబడతాయి కాబట్టి సినిమాకు ఆ కుదుపు ఉండదు.

ఎవరికి ఏది అవసరం?

గేమ్స్ ఆడేవాళ్లు రిఫ్రెష్ రేట్, వీఆర్ఆర్ చూసుకుంటే చాలు. గేమ్స్‌లో 10 బిట్ కోసం 144ను 100కు తగ్గించుకోవడం నష్టమే. కోడ్ రాసేవాళ్లు, చదువుకునే పిల్లలు, ఆఫీసు పని చేసేవాళ్లకు 75 లేదా 100 హెర్ట్జ్, పూర్తి రంగుల 8 బిట్ హాయిగా సరిపోతాయి. వీడియో ఎడిటింగ్, హెచ్‌డీఆర్ పని చేసేవాళ్లకు 10 బిట్ కావాలి, 60 హెర్ట్జ్ ఉన్నా నడుస్తుంది.

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో లాగా పెళ్లి పత్రికలు, పోస్టర్లు డిజైన్ చేసేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. తెర మీది ఎరుపు, కాగితం మీది ఎరుపు ఒకటి కాకపోవడానికి కారణం బిట్లు తక్కువ కావడం కాదు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్ నాలుగు సిరాలతో అచ్చేస్తుంది. ఆ తేడా తగ్గాలంటే కలర్ కాలిబ్రేషన్ చేయించి, దాని ప్రొఫైల్‌ను లినక్స్‌లో కలర్ సెట్టింగ్స్‌లో చేర్చుకోవాలి. సరిగ్గా కాలిబ్రేట్ చేసిన 8 బిట్ మానిటర్, కాలిబ్రేట్ చేయని 10 బిట్ మానిటర్ కంటే ఎంతో నమ్మకంగా పనిచేస్తుంది.

కొత్త మానిటర్ కొనాలనుకుంటే వీలైతే మీ ల్యాప్‌టాప్‌ను దుకాణానికే తీసుకెళ్లండి. సికింద్రాబాద్ సీటీసీ అయినా, మీ ఊళ్లో కంప్యూటర్ షాపు అయినా, తగిలించి చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో పూర్తి రిఫ్రెష్ రేట్ కనిపించాకే బిల్లు కట్టండి. ఇప్పటికే కొని ఉంటే ఈ రాత్రికి ఒక పది నిమిషాలు కేటాయించి పోర్టు, మానిటర్ మెనూ, కేబుల్, సెట్టింగ్స్ వరుసగా చూడండి. డబ్బు ఎలాగూ కట్టేశారు, దానికి తగ్గ బొమ్మ కూడా తెర మీదికి రానివ్వండి.